ఖమ్మం జట్టు గెలిచిన సాయంత్రం

వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో రాంప్రసాద్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. హమాలీల నుంచి ఖరీదుదారుల దాకా అందరికీ అతను 'ఓంప్రకాశ్ సేటు అల్లుడు'. మరిపెడలో కిరాణా కొట్టు నడిపే ఇంట్లో రెండో కొడుకు. ఖమ్మంలో డిగ్రీ చదివి, మగపిల్లలు లేని, కమీషన్ మీద మిర్చి అమ్మిపెట్టే అడ్తి ఇంటికి ఇల్లరికం వచ్చాడు. తిండికి, బట్టకు, మర్యాదకు లోటు లేదు. పొద్దున మామ కారెక్కితే యార్డు, సాయంత్రం మామ కారెక్కితే ఇల్లు. ఆ కారు నడిపేదీ అతనే.

ఈ చలికాలం అతనికి ఒక ఆశ పుట్టింది. ఖమ్మం మార్కెట్లో కూడా అడ్తి దుకాణం తెరవాలని ఓంప్రకాశ్ అనుకున్నాడు. దానికి ఇంటి మనిషి కావాలి. భార్యనూ కూతుర్నీ తీసుకుని ఖమ్మంలో కాపురం పెట్టొచ్చు, పొద్దునే తన తాళంతో తన దుకాణం తెరుచుకోవచ్చు అని రాంప్రసాద్ లోలోపలే లెక్కలు వేసుకున్నాడు. మామ అవుననలేదు, కాదనలేదు.

"బాపుకు నీ మీద అనుమానం కాదు. ఖమ్మం పోతే నువ్వు మళ్ల రావని ఫికరు," అని భార్య పద్మలత ఒకనాడు చెప్పేసింది.

ఆనాటి నుంచి రాంప్రసాద్ ఇంట్లో ఖమ్మం పేరెత్తడం మానేశాడు.

సరిగ్గా అప్పుడే కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనల్ హనుమకొండలో పడింది. ఇక్కడి కాలేజీతో తలపడేది ఖమ్మం కాలేజీ. హనుమకొండ పిల్లల జెర్సీల వెనక ఓంప్రకాశ్ దుకాణం పేరుంటుంది. ఏటా ఆయనే కుట్టిస్తాడు. నిర్వాహకులు ఆయనకు శాలువా కప్పి ముందు వరుస సోఫాలో కూర్చోబెట్టారు. పక్కన అల్లుడు, ఆ పక్కన గుమాస్తా మల్లికార్జున్.

రాంప్రసాద్ ఖమ్మం కాలేజీకి మూడేళ్లు ఆడాడు. మూడేళ్లూ ఇదే కోర్టుకు వచ్చి, ఇవే డప్పులు, ఇవే ఈలల మధ్య ఓడి బస్సెక్కాడు. పెళ్లిచూపులప్పుడు 'అబ్బాయి ఆటలు కూడా ఆడేవాడు' అని ఎవరో అన్నారు. అత్తవారింట్లో ఆ సంగతి అంతటితో ముగిసిపోయింది.

మొదటి సగంలో ఖమ్మం పిల్లలు చెత్తగా ఆడారు. దొరికిన బంతినల్లా దూరం నుంచి విసిరారు. వాళ్ల పొడుగు కుర్రాడు ఒళ్లు కదల్చలేక మూడు ఫౌళ్లు చేశాడు.

"ఏయ్ బస్తా! కాంటా మీదికెక్కు, తూకమేస్తం!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు.

"చిన్న సేటూ, మీ ఖమ్మమోళ్లు ఇయ్యాల ఉత్త చేతులతోనే పోయేటట్టున్నరు," అన్నాడు మల్లికార్జున్.

"మా ఖమ్మమేందయ్యా? నాది మరిపెడ. అది వరంగల్ జిల్లాలనే ఉండె."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. రాంప్రసాద్ ఊరుకోలేదు. హనుమకొండ బుట్టలో వేసిన ప్రతిసారీ మామకంటే ముందే చప్పట్లు కొట్టాడు. ఒకసారి లేచి నిలబడి ఈల కూడా వేశాడు. ఓంప్రకాశ్ ఆట మీది నుంచి చూపు తిప్పి అల్లుడిని ఎగాదిగా చూశాడు. చెప్పిన ధరకు గబుక్కున తలూపేవాణ్ని ఆయన ఏనాడూ నమ్మలేదు.

రెండో సగంలో ఖమ్మం కోచ్ ఒక పొట్టి కుర్రాణ్ని దింపాడు. వాడు రాగానే ఆట తీరు మారింది. హనుమకొండ డిఫెన్స్ అంతా బుట్ట చుట్టూ గుంపుగా నిలబడుతోందని రాంప్రసాద్ మొదటి సగంలోనే పసిగట్టాడు. 'మూలకు కొట్టు, మూల ఖాళీగా ఉంది' అని లోపల మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆ పొట్టివాడు విన్నట్టే మూలకు పాస్ కొట్టాడు. ఒకటి పడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ పడింది. తేడా కరుగుతూ వచ్చింది. చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమమైంది. డప్పులు ఆగిపోయాయి.

"చలి పెడతాంది అల్లుడూ. చెయ్యి ఇట్ల తే," అన్నాడు ఓంప్రకాశ్.

అల్లుడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, పైన శాలువా కప్పాడు. అది చలి కోసం కాదని రాంప్రసాద్‌కు తెలుసు. మామ చిన్నప్పటి నుంచీ కండువా కింద బేరం చేసిన మనిషి. అప్పట్లో ధర నోటితో చెప్పేవారు కాదు, గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి చెప్పుకునేవారు. ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటర్లోకి వెళ్లాయి. అయినా మొహం ఎన్ని వేషాలు వేసినా చేతికి వేషం వెయ్యడం రాదని ఆయన నమ్మకం.

రాంప్రసాద్ వేళ్లను వదులుగా పెట్టాడు. మొహం రాయి చేసుకున్నాడు. కొద్ది సెకన్లు మిగిలి ఉండగా పొట్టి కుర్రాణ్ని ఎవరో తోసేశారు. రెండు ఫ్రీ త్రోలు. జనమంతా లేచి ఊళలు వేశారు. మొదటిది రింగుకు తగిలి బయటికి పోయింది. "అయిపాయె!" అని మల్లికార్జున్ గంతేశాడు. రెండోది రింగు మీద ఒక చుట్టు తిరిగి, నిలబడ్డట్టే నిలబడి, లోపలికి జారింది. హనుమకొండ వాళ్లు బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరి బుట్టకు విసిరారు. అది బోర్డుకు కొట్టుకుని ఎగిరింది. విజిల్ మోగింది. ఒక్క పాయింటు.

ఖమ్మం పిల్లలు సంబరంగా ఒకరి మీద ఒకరు పడ్డారు. రాంప్రసాద్ మొహంలో గీత కదల్లేదు. కాసేపటికి గానీ అతనికి తెలియలేదు, తన గోళ్లు మామ అరచేతిలో దిగి ఉన్నాయని. వదలబోయాడు. మామ వదలలేదు. ఇంకొంచెంసేపు పట్టుకునే ఉండి, అప్పుడు శాలువా తీశాడు.

"మంచిగాడిండ్రు," అన్నాడు ఓంప్రకాశ్. "పోదాం పా."

పోయేముందు గెలిచినవాళ్లకు కప్పు ఆయనే ఇచ్చాడు. పొట్టి కుర్రాడి భుజం కూడా తట్టాడు. రాంప్రసాద్ దూరం నుంచి చూశాడు. దగ్గరికి వెళ్లి 'నేనూ ఇక్కడే ఆడాను' అని చెప్పాలని ఉంది. కారు తాళం చేతిలో ఉంది.

రాంప్రసాద్ కారు రోడ్డెక్కించాడు. పక్క సీట్లోంచి ఓంప్రకాశ్ వెనక్కి తిరిగాడు.

"మల్లికార్జున్, ఖమ్మంల నీకెవరన్న సుట్టాలున్నరా?"

"ఎవ్వలు లేరు సేటూ."

"మంచిదే. అక్కడి దుకాణం నువ్వే సూసుకో. అల్లుడు పక్కన లేకుంటే నాకు ఇక్కడ నడవది."

వెనక సీట్లో మల్లికార్జున్ రెండు చేతులూ జోడించాడు. రాంప్రసాద్ గేరు మార్చాడు. ఖమ్మం పోయినా మళ్లీ వస్తానని మామకు చెప్పొచ్చు. చెబితే మామ నమ్మడు. ఆ మాటకొస్తే తనకే నమ్మకం లేదు.

అంతలో ఫోన్ మోగింది. పద్మలత. కారు స్పీకర్లోంచి ఆమె గొంతు నిండుగా వినిపించింది.

"అయిపోయిందా? ఎవరు గెలిచిండ్రు?"

"ఖమ్మమోళ్లు."

"అబ్బ! మరి నీకు ఇయ్యాల పండుగే!"

ఓంప్రకాశ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రాంప్రసాద్ ముందున్న ఆటోకు హారన్ కొట్టాడు.

"పొద్దునే యార్డుకు పోవాలె," అన్నాడు. "అన్నం పెట్టి ఉంచు."