వెంకటముని తాగని టీ

పుంగనూరు బస్టాండు ఎదుట ఇరవై రెండేళ్లుగా టీకొట్టు నడుపుతున్న వెంకటమునికి ఒక నియమం ఉండేది. కాగిన ప్రతి గిన్నెలోంచీ మొదటి గుక్క తానే తాగాలి. నాలుక ఒప్పుకుంటేనే గ్లాసులు నింపాలి. రోజుకు ముప్పై గిన్నెలు, ముప్పై గుక్కలు. ఊరి కోసం ఆయన చేసిన ఈ త్యాగం 2005లో మదనపల్లె డాక్టరు రాసిచ్చిన రక్తపరీక్షలో షుగరుగా బయటపడింది.

"పాల టీ మానండి. చక్కెర లేకుండా గ్రీన్ టీ తాగండి. దాంట్లో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి, గుండెకు మేలు చేయొచ్చంటారు. అది మందు మాత్రం కాదు, మాత్రలు ఆపొద్దు," అన్నాడు డాక్టరు.

ఇందులో "చేయొచ్చంటారు" అన్న ఒక్క మాటను మదనపల్లెలోనే వదిలేసి, తక్కినదంతా భద్రంగా పుంగనూరుకు మోసుకొచ్చింది ఆయన భార్య కమలాక్షి.

మరునాడు వెంకటముని గ్రీన్ టీ పొట్లం విప్పి, తనకు తెలిసిన టీ శాస్త్రం ప్రకారం రంగు దిగేదాకా మరిగించాడు. అరగంటయినా రంగు దిగలేదు. చేదు దిగింది.

"ఇది టీ కాదుమే, గొడ్లకు పోసే కషాయం."

"చేదుగా ఉండాదంటే పని చేస్తాండాదని. తాగు."

తాగాడు. అసలు కష్టం అది కాదు. రుచి చూడని గిన్నెలు ఆయన మాట వినడం మానేశాయి. ఒకటి అల్లం మంట, ఇంకొకటి కుడితి. చౌడేపల్లె నుంచి రోజూ పాలు తెచ్చే నారాయణస్వామి గ్లాసు సగంలోనే దించేసి, "ఏందప్పా, నా పాలను యాల ఇట్ల అవమానిస్తాండావు?" అన్నాడు. వారం తిరక్కుండానే బస్సు డ్రైవర్లు ఎదురుకొట్టుకు మళ్లారు.

కొట్టు చేజారేట్టుందని ఎనిమిదో రోజు వెంకటముని దొంగచాటుగా గరిటె ఎత్తాడు. కమలాక్షి దాన్ని లాక్కుని, ఆ గుక్కేదో తానే తాగింది.

"చక్కెర ఎక్కువ. ఏలక్కాయ ఒకటి పడాల."

"నీకేం తెలుసుమే?"

"తాగే నోరుండాది గదా."

ఏలక్కాయ పడింది. ఆనాటి నుంచి మొదటి గుక్క ఆమెదే. డ్రైవర్లు ఒక్కొక్కరే ఇవతలికి దాటారు. నారాయణస్వామి రెండో గ్లాసు కూడా ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లలో ఇంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదప్పా. యాడ నేర్చుకుంటివి?"

వెంకటముని పొయ్యి దగ్గరున్న భార్యను ఓరగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అంతా గ్రీన్ టీ మహిమ. యాంటీ ఆక్సిడెంట్లు ఒంట్లో చేరినాక చెయ్యి తిరిగినాది."

కమలాక్షి పొంగిన గిన్నెలో గరిటె ముంచి, ఊదుకుని, గుక్క తాగింది.

"ఇంకో చెంచా పొడి పడాల. ఆ తిరిగిన చేత్తోనే వెయ్యి," అంది.