సున్నాలో ఉన్న ఛానల్

నా ఎడమచేతి వేళ్ళ మీద ఒట్టు. గిటార్ వాయించేవాడు దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడతాడేమో గానీ, వేళ్ళ మీద ఒట్టేసి మాత్రం ఆడడు. ఇది నిజంగా జరిగింది. నాకే జరిగింది. కాదు... నాకూ, మా నాన్నకీ. నవ్వుకోవాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను.

తొంభైల నాటి సంగతి. క్యాసెట్ల రోజులు. భిలాయిలో, క్యాంప్ 2లో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేరాడు. రోలింగ్ మిల్లులో. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య పరిగెడుతుంటే వచ్చే ఆ చప్పుడు... విన్నవాళ్ళకే తెలుస్తుంది. నాన్న తన చెవులు అక్కడే పోగొట్టుకున్నాడు. పూర్తి చెవుడు కాదు. అరిస్తే వినపడేది. లావు గొంతులు కొంచెం అందేవి. సన్నటివి మాత్రం... పిట్టల కూతలు, అమ్మ గాజులు, కుక్కర్ విజిల్... ఏవీ లేవు ఆయనకి.

అలాంటి మనిషికి గిటార్ పిచ్చోణ్ణి కొడుకుగా ఇచ్చాడు దేవుడు. చూడండి ఆయన వేళాకోళం!

నేను మా కుర్రాళ్ళ ఆర్కెస్ట్రాలో రిథమ్ వాయించేవాణ్ణి. అంటే పాట కింద పరుపులా ఉండే వాయింపు. పైన తేలే లీడ్ మా రాబర్ట్‌ది. రాబర్ట్ భిలాయి-3లో రైల్వే క్వార్టర్స్ కుర్రాడు. వాళ్ళదీ ఆంధ్రా మూలమే గానీ మూడు తరాలుగా రైల్వేలోనే. వాడి నోట తెలుగు కంటే హిందీయే ముందొచ్చేది.

నాన్న నా గిటార్ ఎప్పుడూ వినలేదు. చూశాడు. నా వేళ్ళు కదలడం చూసి "బాగున్నాదిరా" అనేవాడు. ఏం బాగుందో ఆయనకి తెలీదు. తెలీదని నాకు తెలుసు. ఒక్కసారి... ఒక్క పాట ఆయన చెవిలో పడితే చాలు అనుకునేవాణ్ణి.

దసరా పందిట్లో మా ప్రోగ్రాం. షిఫ్టు మార్చుకుని మరీ వస్తానన్నాడు నాన్న. మొదటిసారి. సరిగ్గా ముందు రోజు రాబర్ట్ స్కూటర్ మీంచి పడ్డాడు. మణికట్టుకి పిండికట్టు.

"అరే శీనూ, లీడ్ భీ తూ హీ బజా లే," అన్నాడు. లీడ్ కూడా నువ్వే వాయించెయ్యమని... కూరలో ఉప్పు కూడా నువ్వే వేసెయ్ అన్నంత తేలిగ్గా!

మా యాంప్లిఫయర్ గురించి చెప్పాలి. కలకత్తా నుంచి వచ్చిన పాత సరుకు. బీరువా అంత బరువు. లోపల గాజు వాల్వులు... ఆన్ చేస్తే మెల్లగా వెలుగుతాయి. దానికి రెండు ఛానళ్ళు. ఒకటి రిథమ్‌కి, ఒకటి లీడ్‌కి. దేని నాబ్‌లు దానివే. గెయిన్, బాస్, మిడిల్, ట్రెబుల్, వాల్యూమ్. గెయిన్ తీగ జోరు పెంచేది; బాస్ లావు శబ్దానికి, ట్రెబుల్ సన్నటి శబ్దానికి, మిడిల్ ఆ రెంటి మధ్యదానికి. కాలి దగ్గర ఒక స్విచ్. తొక్కితే లీడ్ వస్తుంది, పెట్టె ముందు వైపు చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. మళ్ళీ తొక్కితే రిథమ్, లైటు ఆరిపోతుంది. లీడ్ వైపు నాబ్‌లు రాబర్ట్ తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

ఆ రాత్రి పందిరి వెనక రేకుల షెడ్డులో ఒక్కణ్ణే కూర్చున్నాను. మిగతావాళ్ళు తిండికి పోయారు. రిథమ్ ఇట్టే కుదిరింది. గెయిన్ తక్కువ, బాస్ కొంచెం తగ్గించి... అది నాకు అలవాటే. లీడ్ దగ్గర వచ్చింది చావు. గెయిన్ పెంచితే కుయ్యిమని ఒకటే ఊళ. ట్రెబుల్ పెంచితే పళ్ళు జివ్వుమనేంత పదును. రాబర్ట్‌కైతే అదే ఇష్టం. కానీ నాన్నకి ఆ సన్నటి శబ్దం అందదు కదా... సరే అని ట్రెబుల్ తగ్గిస్తే, దుప్పటి కప్పి కొట్టినట్టు మొద్దుగా ఉంది.

ఇంకో గొడవ కూడా ఉంది. ప్రోగ్రాం మధ్యలో నెమ్మదిగా సాగే ఒక వాయింపు. అందులో అందరూ తగ్గిపోతారు, లీడ్ ఒక్కటే పాడాలి. రాబర్ట్ ఏ రోజుకారోజు ఏదో అల్లేసేవాడు. నాకు ఒక్క ముక్క తట్టడం లేదు. రేపు నాన్న ముందు వరసలో కూర్చుంటాడు. నేను ఆ జాగా ఖాళీగా వదిలేస్తాను. అంతే ఇక.

విసుగొచ్చి లీడ్ వాల్యూమ్ సున్నాకి తిప్పేశాను. గుర్తుపెట్టుకోండి... సున్నా. టక్కుమని ఆగేదాకా తిప్పాను. రిథమ్ మీదే ఆ నెమ్మది వాయింపు తీగలు మీటుతూ కూర్చున్నాను.

బయట సైకిల్ స్టాండు చప్పుడు. నాన్న. రెండో షిఫ్టు దిగి వస్తున్నాడు. హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది.

"ఏటిరా, ఇంకా కూడు తిన్నేదా? మీయమ్మ ఎదురుసూస్తంటాది."

"కుదరట్లేదు నాన్నా!" అని అరిచాను. ఆయనతో ఏం మాట్లాడినా అరవాలి. ఏడుపు కూడా అరిచే చెప్పాలి.

"ఏటి కుదర్నేదు?"

యాంప్లిఫయర్ చూపించాను. కాసేపు దాని చుట్టూ తిరిగాడు, పాడైన మోటారుని చూసినట్టు. తర్వాత సంచిలోంచి తన పొడుగు స్క్రూడ్రైవర్ తీశాడు. చెక్క పిడిది. ఫిట్టర్లందరికీ ఉండే అలవాటే అది. మిషన్ లోపల బేరింగ్ ఎలా ఉందో తెలియాలంటే, స్క్రూడ్రైవర్ మొన మిషన్‌కి ఆన్చి, పిడి చెవి పక్క ఎముకకి నొక్కి పెట్టుకుంటారు. లోపలి చప్పుడు ఎముకలోంచి వస్తుంది. చెవులు పోయినా నాన్న పని పోలేదంటే, దాని పుణ్యమే.

"షాక్ కొడతాది నాన్నా!"

"సెక్కకి పెడతానురా. నాకు సెప్తావేటి నువ్వు? వాయించు."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొన చెక్కపెట్టెకి ఆన్చాడు. పిడి చెవి పక్కన. కళ్ళు మూసుకున్నాడు. నేను వాయించాను.

నాన్న మొహం మారింది. కనుబొమలు పైకి లేచాయి. పెదాలు కొంచెం విడ్డాయి. వింటున్నాడు! నాన్న నా గిటార్ వింటున్నాడు! ఇంత సులువా, ఇన్నేళ్ళూ నాకీ బుద్ధి ఎందుకు పుట్టలేదురా అనుకున్నాను.

కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"రెండోవాడు ఎవుడ్రా?"

"ఏంటి నాన్నా?"

"నువ్వు కిందన వాయిస్తన్నావు. పైన ఇంకోడు వాయిస్తన్నాడు గదా. ఆడెవుడు?"

షెడ్డులో మేమిద్దరమే. ఉన్నది ఒకటే గిటార్. అది నా ఒళ్ళో ఉంది. ఎర్ర లైటు ఆరే ఉంది. లీడ్ వాల్యూమ్ సున్నాలో ఉంది. ముందుకి వంగి మరీ చూశాను.

వాయించడం ఆపేశాను. తీగల మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. షెడ్డంతా నిశ్శబ్దం... పందిట్లో ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు తప్ప.

నాన్న చూపుడువేలు పైకెత్తాడు. ఆగు అన్నట్టు.

"నువ్వాపేసినావు..." అన్నాడు మెల్లగా. "ఆడు ఆప్నేదు."

నాకు చేతుల మీద రోమాలు లేచాయి. పారిపోవాలనిపించలేదు. అదే వింత. గుళ్ళో హారతి టైముకి తెలియకుండా నిలబడిపోతాం చూడండి... అలా ఉండిపోయాను.

నాన్న వేలు గాల్లో కదులుతోంది. నెమ్మదిగా. పైకి... ఇంకొంచెం పైకి... ఆగి... కిందికి. తర్వాత ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. పాట! మా నాన్న కూనిరాగం తీయడం నేను పుట్టి పెరిగాక ఎప్పుడూ వినలేదు. శ్రుతి లేదు, పాడూ లేదు. కానీ అది ఒక వరస. నేను రెండు గంటలుగా వెతుకుతున్న ఆ ఖాళీ జాగాలో... సరిగ్గా అమిరే వరస.

"ఇలా ఇవ్వు నాన్నా." స్క్రూడ్రైవర్ లాక్కున్నంత పని చేశాను. మొన చెక్కకి. పిడి ఎముకకి.

ముందు కరెంటు గుంయ్‌మనే చప్పుడు. అది మామూలే. దాని కింద... చాలా కింద... ఎవరో వాయిస్తున్నారు.

దూరంగా. తొందర లేకుండా. ఒక్కో వరసకి మధ్య ఊపిరి తీసుకుంటూ. పదును లేదు, మొద్దుతనం లేదు. గుండ్రంగా, వెచ్చగా, మనిషి గొంతంత దగ్గరగా ఉంది ఆ టోను. ఇన్ని నాబ్‌లు తిప్పీ నేను పట్టుకోలేకపోయింది అదే.

అప్పుడు కరెంటు పోయింది.

క్యాంప్ 2లో కరెంటు పోవడం పెద్ద విశేషం కాదు. షెడ్డంతా చీకటి. వాల్వులు మెల్లగా మసకబారాయి. గుంయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. కానీ నా చెవి పక్కన ఎముకలో... ఆ వాయింపు ఆగలేదు.

అదే సమయానికి ప్లాంటు వైపు స్లాగ్ పారబోశారు. కాగిన చెత్త పోస్తే ఆకాశం ఎర్రబడుతుంది కదా, మాకు రోజూ కనపడేదే. కిటికీలోంచి ఆ ఎరుపు లోపలికొచ్చింది. యాంప్లిఫయర్ ముందున్న చిన్న లైటు... లీడ్ లైటు... ఎర్రగా మెరిసింది. అది ఆకాశం ఎరుపే అయ్యుంటుంది. అయ్యుంటుంది అనే అంటున్నాను.

నాన్న నా చేతి మీద చెయ్యి వేశాడు. ఇద్దరం ఒకే పిడికి చెరో పక్క తల ఆన్చాం. ఆ వాయింపు చివరి వరసకి వచ్చింది. నెమ్మదించింది. ఆఖరి స్వరం దగ్గర నిలబడి... దాన్ని చక్కగా దించి... ఆపింది. కరెంటు పోయి చచ్చిపోయిన శబ్దం కాదది. చెప్పాల్సింది చెప్పేసి లేచినట్టు ఆగింది.

నాన్న చాలాసేపు అరచెయ్యి పెట్టె మీదే ఉంచాడు. మిల్లులో మిషన్ ఆపాక కూడా అలాగే చేస్తాడట, లోపల కదలిక పూర్తిగా నిలిచేదాకా. తర్వాత ఆ చెయ్యి కళ్ళకి అద్దుకున్నాడు. నేనూ అద్దుకున్నాను. ఎవరికి దండం పెట్టానో నాకు తెలీదు. నాకు కన్నీళ్ళు కారుతున్నాయి, భయంతో కాదు.

కరెంటు వచ్చింది. సున్నాలో ఉన్న లీడ్ వాల్యూమ్ కొంచెం తెరిచాను. నేను కాలి స్విచ్ తొక్కాను. లీడ్. నాన్న మళ్ళీ స్క్రూడ్రైవర్ ఆన్చి కూర్చుని రెండో చెయ్యి పైకెత్తాడు. మిల్లులో మాటలు వినపడవు కదా, కింద నిలబడ్డవాడు పైనున్న క్రేను డ్రైవరుకి చేత్తోనే చెప్తాడు. బొటనవేలు పైకంటే ఎత్తు. అరచెయ్యి కిందికంటే దించు. పిడికిలి బిగిస్తే ఆపు. నాన్న ఆ సైగలే చేస్తున్నాడు... నేను ఒక చేత్తో తీగ మీటుతూ ఇంకో చేత్తో నాబ్‌లు తిప్పుతున్నాను. ట్రెబుల్... దించు, ఇంకా దించు... పిడికిలి. మిడిల్... ఎత్తు, ఎత్తు, ఎత్తు... పిడికిలి. గెయిన్ సగం దగ్గర పిడికిలి. వాల్యూమ్ రిథమ్ కంటే ఒక్క పిసరు పైన. ట్రెబుల్ దాదాపు మూసేసి, మిడిల్ బార్లా తెరిచి ఎవడైనా లీడ్ పెడతాడా? నాబ్‌లు చూస్తే నవ్వొస్తుంది. మీటి చూశాను. అదే టోను. ఇద్దరం విన్నదే.

మర్నాడు ప్రోగ్రాంలో నాన్న ముందు వరసలో కూర్చోలేదు. స్టేజీ ఎక్కి, నా యాంప్లిఫయర్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. కరెంటు మిస్త్రీ అనుకున్నారు జనం. ఆ నెమ్మది వాయింపు వచ్చింది. అందరూ తగ్గారు. నేను కాలి స్విచ్ తొక్కాను. రాత్రి విన్న వరస... ఒక్క స్వరం మార్చకుండా వాయించాను. పందిట్లో పల్లీలు నమిలేవాళ్ళు కూడా నమలడం ఆపేశారు.

దిగగానే రాబర్ట్ పిండికట్టు చేత్తో నన్ను పొడిచాడు. "యే కహా సే ఉఠాయా బే? ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చావ్? నేనెప్పుడూ ఇది వాయించలేదు."

వాడి చెయ్యి పక్కకి తోసి వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

తర్వాత చాలామందిని అడిగాను. రేడియో దుకాణం భయ్యా, వాల్వు మిషన్లో కరెంటు పోయినా కొంచెంసేపు ప్రాణం ఉంటుందన్నాడు. తీగలు ఒక్కోసారి రేడియో స్టేషన్లని కూడా పట్టుకుంటాయన్నాడు. సరే. మరి వాల్యూమ్ సున్నాలో ఉంటే? డాక్టరు, మిల్లులో పాడైన చెవుల్లో లేని మోతలు వినపడతాయన్నాడు. అదీ సరే. మరి నా చెవులో? ఆ పాట ఎక్కడిదో ఇవాళ్టికీ నాకు దొరకలేదు. ఇప్పుడు భిలాయిలోనే, స్మృతి నగర్‌లో మా ఇంట్లోనే ఉంది ఆ యాంప్లిఫయర్. స్క్రూడ్రైవర్ కూడా ఉంది. అప్పుడప్పుడు ఆన్చి వింటాను. గుంయ్‌మనే చప్పుడే. కానీ లీడ్ వాల్యూమ్ మాత్రం మళ్ళీ ఎప్పుడూ సున్నాకి తిప్పలేదు.

ఆ ప్రోగ్రాం రాత్రి నాన్నా నేనూ ఇంటికి నడుస్తున్నాం. ఆయన సైకిల్ తోస్తున్నాడు. ఉండబట్టలేక అరిచాను. "నాన్నా! నిన్నటివాడు... ఇవాళ కూడా వాయించాడా?"

"నేదురా. ఇవాల ఆడు రానేదు." ఆగాడు. సైకిల్ బెల్లు మీద బొటనవేలు ఊరికే ఆడించాడు, మోగించకుండా. "నువ్వొక్కడివే. మొత్తం ఇన్నాను."

సైకిల్‌కి రెండో పక్క నేనూ చెయ్యి వేశాను. వీధి చివరిదాకా ఇద్దరం కలిసి తోశాం.

ఇంటి ముందు సైకిల్ స్టాండు వేస్తుంటే అడిగాను. "ఎవరై ఉంటాడు నాన్నా వాడు?"

నాన్న ప్లాంటు వైపు చూశాడు.

"తెల్దురా. ఎవుడైతేనేటి... మంచోడే. కరెంటు ఎలిపోయినా పాట సగంలో ఒగ్గెయ్నేదు."