ఎంబ్రాయిడరీ రింగులోంచి గురి

గీతలు లెక్కపెట్టి తుపాకీ స్కోపు కొన్న బట్టల వ్యాపారి సూర్యాపేట మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను. ఈ ఉదయం ఒకామె ఎంబ్రాయిడరీ రింగు కావాలంటే పై అరలోంచి ఒకటి తీశాను. దాని చెక్క మీద నల్లదారం ఒరుసుకున్న నాలుగు గుర్తులు కనిపించాయి. అది అమ్మేది కాదమ్మా అని వెనక్కి పెట్టేసి, ఆమెకు కొత్తది ఇచ్చాను.

మా అక్క భర్త మిలిటరీలో పనిచేసి వచ్చి కోదాడలో స్థిరపడ్డ మనిషి. లైసెన్సు రైఫిల్‌తో ఏటా మూడు వందల మీటర్ల పోటీకి వెళ్లేవాడు. మూడేళ్ల కిందట కుడికంటికి ఆపరేషన్ అయ్యాక, ఆ ఏటి పోటీలో అందరికంటే చివర నిలిచాడు. ఇంకొక్కసారి చూస్తాను, అదీ కుదరకపోతే రైఫిల్ అమ్మేస్తానన్నాడు. ఆ మాట అన్న రోజు నుంచి మనిషి సరిగా తినడం లేదని అక్క ఫోన్లో బాధపడింది. రైఫిల్ మీద బిగించే దుర్బీను, అదే స్కోపు, కొత్తది కొనే పని బావ నాకు అప్పగించాడు. బేరం నాకొచ్చినట్టు ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం. నా నమ్మకం కూడా అదే.

స్కోపు లోపల గురి కోసం గీసి ఉండే గీతల్ని రెటికిల్ అంటారట. తుపాకుల కొట్టాయన ఒకే ధరకు రెండు స్కోపులు చూపించాడు. ఒకదాంట్లో నాలుగంటే నాలుగే గీతలు. రెండోదాంట్లో మెట్లు మెట్లుగా, కొమ్మలు కొమ్మలుగా, నేను కన్ను పెట్టి లెక్కిస్తే నలభై ఎనిమిది. గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, అదే డబ్బుకు పన్నెండింతల సరుకు వస్తుంటే వదులుతానా? పైగా ధర కూడా కాస్త తగ్గించుకుని వచ్చాను.

బావ దాన్ని కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏంది బామ్మర్దీ, చేపల వల తెచ్చావు? దీని వెనకాల టార్గెట్ యాడుందో నువ్వే చూపించు," అన్నాడు.

"గన్ని గీతలు ఆ రేటుకు ఎవడిస్తడు బావా?"

"గురిపెట్టేది ఒక్కదాంతోనే గదయ్యా."

అమ్మినాయన వాపసు తీసుకోనన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు బావను కొట్టుకు పిలిపించాను. వెనక సందు చివరి గోడకు నల్లటి చుట్టు గీసిన కాగితం అంటించి, ఆయనకు పది అడుగుల దూరంలో బట్టల బేళ్ల మీద ఎంబ్రాయిడరీ రింగు నిలబెట్టాను. దానికి అడ్డంగా, నిలువుగా దారాలు కట్టాను. లావుదారం కడితే నల్లచుట్టు మాయమైంది. సన్నదారం కడితే ఆపరేషనైన కంటికి దారమే ఆనలేదు. చివరికి అంచుల్లో లావుదారం, నడుమ సన్నదారం వచ్చేట్టు ముడివేసి కట్టాను.

"ఆగు. కదపకు," అన్నాడు బావ. "లావువి కన్నును లోపలికి తోలుతున్నాయి. సన్నది చుట్టును మింగట్లేదు."

ఆ పోలిక ఎక్కడో చూసినట్టనిపించింది. నేను పక్కకు నెట్టేసిన నాలుగు గీతల స్కోపు అచ్చం అదే! ఫోన్ చేస్తే, దాన్ని మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని కొనుక్కుపోయాడని తెలిసింది. బస్సెక్కాను. ఆయనకేమో ఇంకా దూరం కొట్టాలని సరదా, గాలికి గుండు ఎంత పక్కకు పోతుందో లెక్కకట్టడానికి గీతలు చాలడం లేదని దిగులు. నా అవసరం పైకి కనపడనివ్వకుండా చాయ్ పూర్తిగా తాగాను.

"నాలుగు గీతలకు నలభై ఎనిమిది ఇస్తున్న సేటూ. ఎక్కువొచ్చిన గీతకు అరకిలో ఏస్కున్నా ఇరవై రెండు కిలోల బియ్యమైతయి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "చిల్లరెందుకు, పాతిక తీస్కపో," అన్నాడు.

పోటీ రోజు నేను బావ వెనకే కూర్చున్నాను. పది గుండ్లూ నల్లచుట్టులోనే పడ్డాయి. మొదటి పేరు బావదే పిలిచారు. పతకం తీసుకుని ఆయన తిన్నగా నా దగ్గరికొచ్చి, దాన్ని నా మెడలో వేసి, "నాలుగు గీతలు చాలా బామ్మర్దీ?" అన్నాడు. చాలు బావా అన్నాను. నా జన్మలో బేరమాడకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఇక బిల్లు. స్కోపు డబ్బు బావ పెన్షన్‌లోది. దారం, రింగు, బస్సు ఛార్జీ నావి. పాతిక కిలోల బియ్యం న్యాయంగా బావకు చెందాలి. కానీ అవి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాయి, నెలలో అయిపోయాయి, ఆయనకు నేటికీ తెలియదు. బావ ఈ ఏడూ పోటీకి పేరిచ్చాడు. ఎవరికీ పైసా తగ్గించని కాలం దగ్గర మేమిద్దరం కలిసి బేరమాడి ఇప్పటికి మూడేళ్లు లాగాం.