బౌండరీ దగ్గరికి నాన్న వచ్చిన రోజు

మాది కోనసీమలో నగరం అనే ఊరు. నాన్న బజారులో టైలరు. నేను పదో తరగతిలో ఉండగా అమ్మ కువైట్ వెళ్ళింది, అక్కడ ఒక ఇంట్లో వంటపనికి. శుక్రవారాలు తీరిక దొరికితే వీడియోలో మాట్లాడేది. ఇంట్లో మిగిలింది నేనూ నాన్నా. ఆడపిల్లకి తల్లి చెప్పాల్సిన సంగతులు కొన్ని అమ్మ ఫోనులోనే చెప్పింది, మిగతావి నేనే తెలుసుకున్నాను. నెలలో ఆ రోజుల్లో నేను నీరసంగా కనిపిస్తే నాన్న ఏమీ అడిగేవారు కాదు. పొయ్యి వెలిగించనివ్వకుండా హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. తెలిసినట్టు మాత్రం ఇద్దరం ఎప్పుడూ పైకి కనిపించలేదు.

నాది ఎడమ చేతి స్పిన్ బౌలింగు. చిన్నప్పుడు వీధిలో మగపిల్లలతో ఆడుతూ అలవాటైంది. ఇంటర్లో చేరాక కాలేజీ గేమ్స్ మాస్టారు నన్ను అమలాపురంలో ఆడపిల్లల జట్టు సెలెక్షన్‌కి పంపించారు, తీసుకున్నారు. మేము ఆడేవి వన్డే మ్యాచ్‌లు. టీవీలో దేశాల జట్లు ఆడినట్టే యాభై ఓవర్లు. ఇరవై ఓవర్ల ఆటైతే ఒక పూటలో తేలిపోతుంది. యాభై ఓవర్లంటే పొద్దున్న మొదలుపెడితే పొద్దువాలే దాకా మైదానంలోనే. బట్టలు మాత్రం మాకు తెల్లవే. నా ప్యాంటు నాన్నే కుట్టారు, మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వేసి.

నేను చెప్పబోయే మ్యాచ్ ముమ్మిడివరం వైపు ఒక ఊరి బయట గ్రౌండులో జరిగింది. చుట్టూ రొయ్యల చెరువులు. చెట్టూ చేమా లేని గట్లు, గట్ల మీద మోటారు బళ్ళు వేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు. ఆడవాళ్ళు ఆడుతున్నారని వింతగా చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆ గ్రౌండులో మాకు బాత్రూము లేదు. ఆటోలో వెళ్తుండగానే మా కెప్టెన్ అక్క చెప్పింది.

"నీళ్ళు తక్కువ తాగండే. గొంతు తడుపుకోండి, అంతే."

కెప్టెన్ అక్క డిగ్రీ చదువుతుండేది, మా అందరికంటే పెద్దది. ఆమె చెప్పింది మేము మారుమాట్లాడకుండా చేశాం. అలాంటి చోట్ల అంతకుముందూ అదే చేశాం. అది ఆటలో ఒక భాగమే అనుకునేవాళ్ళం.

ఆ రోజు నాన్న దుకాణం మూసి స్కూటరు మీద మ్యాచ్ చూడ్డానికి వచ్చారు. అదే మొదటిసారి. ముందు మేము బ్యాటింగు చేశాం. నేను ఆఖర్లో వెళ్ళి ఏవో రెండు మూడు పరుగులు తీశాను. భోజనాలయ్యాక ఫీల్డింగుకి దిగాం. నా మొదటి ఓవర్లు బాగా పడ్డాయి. ఒక వికెట్టు కూడా వచ్చింది. అక్క నా భుజం తట్టి, "మిగతావి ఆఖర్లో వేయిస్తాను, దాచుకో" అని నన్ను లాంగాన్‌లో, అంటే బౌలరు వెనక వైపు బౌండరీ దగ్గర, నిలబెట్టింది.

అప్పటికే కడుపులో నొప్పిగా ఉంది. నీళ్ళు తాగకపోవడం వల్లనుకున్నాను. నా తేదీకి ఇంకా వారం టైముంది. నా వెనక గట్టు మీద కుర్రాళ్ళు నవ్వడం మొదలెట్టారు. నేనొక బంతి సరిగ్గా ఆపలేకపోయాను, దానికే నవ్వుతున్నారనుకుని పళ్ళు బిగబట్టుకున్నాను. తరువాతి బంతికి డైవ్ కూడా చేశాను. వాళ్ళింకా నవ్వారు. ఒకడు ఈల వేశాడు.

నాన్న బౌండరీ వెంట నడుచుకుంటూ రావడం చూశాను. తల దించుకుని, గబగబా వస్తున్నారు. వచ్చి నాకూ ఆ గట్టుకీ మధ్యలో, నాకు వీపు పెట్టి నిలబడ్డారు. మెడలో ఉన్న తువ్వాలు తీసి వెనక్కి చెయ్యి చాపారు.

"అమ్మా, ఒకసారి బయటికి రా."

"ఓవర్ అవలేదు నాన్నా."

"నడుముకి చుట్టుకుని రామ్మా."

ఆయన నావైపు తిరగలేదు. నేను వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను. అప్పుడర్థమైంది.

కుర్రాళ్ళు చూశారని కాదు. వాళ్ళెవరో నాకు తెలీదు, మళ్ళీ కనబడరు. నాన్న చూశారు. అంత దూరం నుంచి, నాకంటే ముందు ఆయన చూశారు. భూమి అక్కడే చీలితే బాగుండుననిపించింది. తువ్వాలు చుట్టుకుని అంపైరుకి చెప్పకుండానే గీత దాటేశాను. వెనక నుంచి అంపైరు పిలుస్తున్నది వినబడుతోంది. తిరిగి చూడలేదు.

గ్రౌండుకి ఆనుకుని ఒకటే ఇల్లుంది. గుమ్మంలో ఒకావిడ రొయ్యల మేత బస్తాలు దులుపుతోంది. నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళి గేటు దగ్గరే ఆగిపోయారు.

"చెల్లెమ్మా, మా అమ్మాయండి. కొంచెం లోపలికి..." అన్నారు.

ఆవిడ నన్నూ నా నడుముకున్న తువ్వాలునీ చూసి, "ఆయ్, రామ్మా" అంది. నాన్నతో, "మీరా నీడలో కూర్చోండన్నయ్యగారూ" అని చెప్పి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది.

మెత్తటి పాత చీర ముక్కలు ఇచ్చింది. నా ప్యాంటు తీసుకుని సబ్బు పెట్టి ఉతికింది. మరక చాలావరకు పోయింది గానీ చోటు తెలుస్తూనే ఉంది. నేను ఆవిడ నైటీ ఒకటి కప్పుకుని బావి గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఆవిడ ప్యాంటు ఎత్తి పట్టుకుని చూసి, మొత్తం బకెట్లో ముంచేసింది.

"అంతా తడిపేస్తే ఒకచోటని తెలీదు. ఎవరైనా అడిగితే కాళ్ళు కడుక్కుంటే తడిసిందని చెప్పు."

"నేను వెళ్ళనండి."

"ఆట అయిపోయిందా?"

"లేదండి."

"మరి? నేనీ చెరువుల్లో మేత వేస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎటు చూసినా మగాళ్ళే. నాకూ అక్కడ చాటు ఉండదు. అలాగని ఇంట్లో కూర్చుంటామా?"

కోప్పడుతున్నట్టు అనలేదు, ఓదారుస్తున్నట్టూ అనలేదు. ప్యాంటు పిండి నా చేతికిచ్చింది. చల్లగా కాళ్ళకి అతుక్కుపోయింది. అలాగే నడిచాను.

గ్రౌండులోకి అడుగుపెట్టబోతుంటే అంపైరు ఆపారు. పెద్దాయన, మర్యాదస్తుడు.

"చెప్పకుండా వెళ్ళేవేంటమ్మా? దెబ్బ తగిలిందా?"

పక్కనే అవతలి జట్టు బ్యాటర్లిద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్ళకి అర్థమైందని వాళ్ళు నేలచూపులు చూడ్డంలోనే తెలిసిపోయింది. అర్థం కానిది ఆయనొక్కరికే. చెప్పగలిగినవాళ్ళు అక్కడ పదమూడుమందిమి ఉన్నాం, ఒక్కరమూ చెప్పలేదు.

"ఒంట్లో బాలేదు సార్" అంది అక్క చివరికి.

"దెబ్బయితే వేరు. ఒంట్లో బాలేక వెళ్తే బయట ఎంతసేపున్నావో అంతసేపు ఫీల్డింగు చేసేకే బౌలింగు వెయ్యాలమ్మా. రూలు అది."

రూలు అదే. ఆయన తప్పేం లేదు. దాచుకున్న నా ఓవర్లు పడాల్సిన టైములో నేను తడి ప్యాంటుతో ఊరికే నిలబడ్డాను. అక్క నన్ను గట్టుకి దూరంగా, వికెట్ల దగ్గరే పెట్టింది. అలవాటు లేని పిల్లల చేత బౌలింగు వేయించాల్సి వచ్చింది. పరుగులు పోతూనే ఉన్నాయి. నాకు మళ్ళీ బంతి దొరికేసరికి వాళ్ళకి కావాల్సినవి పెద్దగా లేవు. నా బౌలింగుకి నడుం వంగాలి, కాలు ముందుకి బాగా వెయ్యాలి. అలా వంగితే వెనక కనబడుతుందేమోనని వంగలేకపోయాను. మొదటి బంతి నేల తగలకుండా ఫుల్‌టాస్ పడింది, ఫోర్ పోయింది. ఇంకొన్ని బంతులకి మ్యాచ్ అయిపోయింది.

ఓడిపోయాక అక్క నా దగ్గరికొచ్చి, "నీ ఓవర్లు ముందే వేయించెయ్యాల్సింది. నా లెక్క తప్పింది" అంది. ఆ మాట అనకుండా తిట్టినా నాకంత కష్టంగా ఉండేది కాదు.

నాన్న స్కూటరు మీద ఇంటికి బయల్దేరాం. నేను ఆయన భుజం పట్టుకోలేదు, వెనక కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. అమలాపురంలో ఒక మందుల షాపు దగ్గర బండి ఆపారు. లోపల జనం ఉన్నారు. వాళ్ళందరూ వెళ్ళే దాకా పక్క కొట్టు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డారు. ఆఖరికి లోపలికెళ్ళి, న్యూస్‌పేపరు చుట్టి నల్ల కవర్లో వేసిన పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. నావల్ల నాన్నకి ఎంత తలవంపు అనుకున్నాను. నన్ను చూసి సిగ్గుపడడం కాదు, నాకోసం ఆ సిగ్గుని ఓర్చుకుంటున్నారని ఆలోచించే వయసు కాదు.

నేను ప్రాక్టీసుకి వెళ్ళడం మానేశాను. శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది.

"ఆట మానేసేవంట, నాన్న చెప్పేరు."

"ఇంకేం చెప్పేరు?"

"ఏం చెప్పలేదే. ఏమైంది?"

అమ్మకి కూడా చెప్పలేకపోయారు ఆయన. నేనూ చదువుకోవాలని ఏదో సర్దేశాను.

కొన్నాళ్ళకి ఒక ఉదయం నా కుర్చీ మీద మడత పెట్టిన కొత్త ప్యాంటు కనబడింది. ముదురు నీలం. పాత కొలతలే. నాన్న అద్దం ముందు తల దువ్వుకుంటూ, అద్దంలోకే చూస్తూ అన్నారు.

"ప్రాక్టీసుకి ఇది వేసుకెళ్ళు. మేచ్‌లకి కూడా అందరికీ ఇలాంటివి కుట్టిస్తానని అమలాపురం వెళ్ళి జట్టువాళ్ళని అడిగేను. తెల్లవే వెయ్యాలన్నారు."

"ఎందుకు మార్చాలో చెప్పేరా?"

"ఎందుకండీ అని వాళ్ళూ అడిగేరమ్మా." దువ్వెన బల్ల మీద పెట్టేశారు. "ఏం చెప్పాలో తెలీక వచ్చేసేను."

ఆ ప్యాంటు వేసుకుని మళ్ళీ వెళ్ళాను. ఇంకో రెండేళ్ళు ఆడాను. జిల్లా దాటి పైకి వెళ్ళలేదు, అంత ఆట నాలో లేదు కూడా. మ్యాచ్ ఉన్న ప్రతిసారీ తెల్ల ప్యాంటు లోపల ఇంకొకటి వేసుకునేదాన్ని. ఓవరుకీ ఓవరుకీ మధ్య వెనక చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. నాన్న ఆ తరువాత నా మ్యాచ్‌కి రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు.

ఇప్పుడు అమలాపురంలో ఒక స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పుతున్నాను. నా బ్యాగులో వాళ్ళకి కావాల్సినవి ఉంటాయి. ఎవరైనా పిల్ల వచ్చి, "మేడమ్, ప్యాడ్ ఉందాండీ?" అని మామూలుగా అడిగేస్తుంది. నేను మాత్రం ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, చాటుగా చేతిలో పెడతాను. వాళ్ళకి లేని సిగ్గు నేనే నేర్పిస్తున్నానా అని ఆ తరువాత నామీద నాకే రోతగా ఉంటుంది. మర్నాడు మళ్ళీ అంతే.

ఈమధ్య ఆడవాళ్ళ వన్డే ప్రపంచ కప్పు మ్యాచ్‌లు కొన్ని విశాఖపట్నంలో పెట్టారు. రెండు టికెట్లు తీసుకుని నాన్నని రమ్మన్నాను. వస్తారనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందే బస్టాండుకి వచ్చేశారు. స్టేడియం నిండా నీలం చొక్కాలే. ఆడవాళ్ళ ఆట చూడ్డానికి అంతమంది మగవాళ్ళు ఎండలో చెమటలు కక్కుతూ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపు కూర్చున్నాక నాన్న లేచి ఎటో వెళ్ళారు. చాలాసేపు రాలేదు. టీ తాగడానికి వెళ్ళారనుకున్నాను. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, మైదానం వైపే చూస్తూ అన్నారు.

"ఆడప్లేయర్లకి లోపల బాత్రూములు బాగానే ఉన్నాయంట. అక్కడ డ్యూటీలో ఉన్న లేడీ కానిస్టేబుల్‌ని అడిగేను."

మా ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నాకు ముఖం వేడెక్కింది. "మెల్లగా నాన్నా" అన్నాను. అని, ఆ మాట వెనక్కి తీసుకోలేక, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన తీసెయ్యలేదు. నీలం ప్యాంటు తరువాత అన్నేళ్ళలో, ఆ మ్యాచ్ రోజు గురించి మా ఇద్దరి మధ్యా వచ్చిన మాట అదొక్కటే.

బస్సు అందదని ఆట పూర్తవకుండానే బయల్దేరాం. దారిలో ఫోన్లో చూస్తే మనవాళ్ళు ఓడిపోయారని తెలిసింది. నాన్నకి చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

"యాభై ఓవర్లంటే చాలా సేపమ్మా" అన్నారు. "కూర్చున్నోళ్ళకే నడుం పట్టేసింది."

అని, నెప్పిగా ఉన్న నడుం వెనక తువ్వాలు మడతపెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.