లిండెన్‌టాల్ తొలి ఇళ్లు, ఉమక్క పచ్చడి

మా ఉమక్కని ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే "స్కూల్ బస్ డ్రైవ్ చేస్తా" అంటుంది. అడిగినవాళ్లు జోక్ అనుకుని నవ్వుతారు. జోకేమీ కాదు. రేపల్లె దగ్గర పద్నాలుగేళ్లు సోషల్ టీచర్‌గా పనిచేసిన ఉమామహేశ్వరి, ఇప్పుడు మిషిగన్‌లో ఏడో నంబరు పసుపుపచ్చ బస్సు డ్రైవరు.

పద్దెనిమిదేళ్ల కిందట ఆమె భర్త దివాకర్‌గారికి కారు విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో దిగారు. తర్వాత ఆయన్ని ఉత్తరాన ఉన్న ప్లాంట్‌కి మార్చారు. అక్కడికి దగ్గరని లిండెన్‌టాల్‌లో ఇల్లు కొన్నారు. మాకు రెండు గంటల ప్రయాణం. జర్మన్ రైతుల మధ్య ఈవిడకేం తోస్తుందని మేమంతా జాలిపడ్డాం. మా జాలి దండగ.

ఊరంటే ఒక చర్చి, ఒక బేకరీ, ధాన్యం గోదాములు, చుట్టూ కనుచూపుమేర నల్లటి చేలు. 1851లో బవేరియా నుంచి ఐదు కుటుంబాలు వచ్చేసరికి ఇదంతా దోమల చిత్తడి. కాలవలు తవ్వి, నేల కింద మట్టి గొట్టాలు పరిచి, నీళ్లు బయటికి పంపి చేలు చేసుకున్నారు. ఇప్పుడు షుగర్ బీట్లు, తెల్ల బీన్స్ పండిస్తారు.

ఈ కథ చెప్పే హక్కు ఎల్మర్‌ది. ఎనభై నాలుగేళ్ల రైతు. ఏటా జూన్‌లో ఊరి పండగనాడు ట్రాక్టర్ వెనక గడ్డిబండి కట్టి, జనాన్ని ఎక్కించి, ఇత్తడి గంట కొట్టి ఊరంతా తిప్పుతూ చెబుతాడు. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. బండెక్కి చెప్పేందుకు ఇంకొకరు కావాలన్నాడు.

ఉమక్క నాకు వెంటనే ఫోన్ చేసింది. "త్రివేణీ, ఆ బండెక్కాలనుందే. పిల్లలకి నదులూ నేలలూ చెప్పి ఎన్నేళ్లయింది? నోరు కట్టేసినట్టుంది నాకు."

బండెక్కితే సరిపోయేది. కానీ మార్చిలో జరిగిన ఊరి పండగ మీటింగ్‌లో నోరు ఊరుకోలేదు. తొలి ఇళ్లు ఇప్పటి చర్చి ఉన్నచోటే కట్టారని ఎల్మర్ కథ. "అక్కడ కట్టి ఉండరు" అనేసింది ఉమక్క. "నాలుగు చినుకులు పడితే నా బస్సు చర్చి దగ్గర తిప్పలేను, అంత నీళ్లు. కాలవలు కూడా లేని రోజుల్లో అక్కడ ఎవరు కడతారు? నేను డెల్టాలో పుట్టాను. మనిషి ముందు మెరక వెతుక్కుంటాడు."

ఎల్మర్ మొహం బీట్‌రూట్‌లా అయిందట. "మా ముత్తాత ఇల్లెక్కడో నువ్వు చెప్తావా? మే మీటింగ్‌లోపు చూపించు. లేకపోతే నా కథే చెప్పాలి. ఇష్టం లేకపోతే బండి ఇంకొకరు ఎక్కుతారు."

"ఒప్పేసుకోరాదూ? ఊళ్లోవాళ్లతో పంతం ఎందుకు?" అన్నారు దివాకర్‌గారు.

"తెలిసి తెలిసి తప్పు పాఠం చెప్పమంటారా?" అని ఆయన నోరు మూయించింది.

మేలో ఆ మీటింగ్ రోజు పొద్దున్నే నేను కారేసుకుని వెళ్లాను. అక్క మొహం వాడిపోయి ఉంది. ఎల్మర్ చేల వెనక, పూర్వకాలపు సరస్సు ఒడ్డున మిగిలిన ఇసుక గట్టు ఒకటుంది. మెరక అదేనని ఆమె నమ్మకం. రెండు నెలలుగా ఎన్నిసార్లు తిరిగినా ఒక్క ఇటుక కూడా కనబడలేదు. "ఇక వదిలెయ్. మీటింగ్‌కి తలా ఒక వంట తేవాలి, పద" అంది.

ఆఖరిసారి అన్నట్టు ఆ గట్టు మీదుగానే నడిపించింది. పొదల చాటున ఎర్రటి కాడలతో రూబార్బ్ గుబురుగా పెరిగి ఉంది. గోంగూర దొరకనప్పుడు మావాళ్లందరికీ అదే దిక్కు. ఆకు విషం, కాడ మాత్రం పుల్లగా ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది.

"ఎవరిదక్కా ఇది?"

"గట్టు మీద కూర ఎవరు కోసుకుంటే వాళ్లది. అడివి మొక్కలే, కొయ్యి."

సంచీ నిండా కోశాం. ఎండుమిర్చి, వెల్లుల్లి దంచి, ఇంగువ తాలింపు పెట్టి పచ్చడి చేసింది.

మీటింగ్‌లో ఎల్మర్ దాన్ని జామ్ అనుకుని బ్రెడ్‌కి మందంగా పట్టించాడు. కళ్లనీళ్లు, ముక్కునీళ్లు. తుడుచుకుని మళ్లీ పట్టించాడు. "రూబార్బే కదూ? ఎక్కడిది?"

ఉమక్కకి అబద్ధం రాదు. చెప్పేసింది.

ఆయన బ్రెడ్ కింద పెట్టాడు. "నా చేలో కోశావా?"

మీటింగ్ హాలంతా మా వంకే చూసింది. బండి సంగతి సరే, మమ్మల్ని దొంగల్లా తరిమేస్తారనుకుని నాకు ముచ్చెమటలు పట్టాయి. "సారీ, అడివి మొక్కలనుకున్నా" అంది ఉమక్క.

"రూబార్బ్ ఇక్కడ అడివిలో మొలవదు. ఎవరో ఒకరు నాటాలి. మా అమ్మ ఎప్పుడూ వంటింటి గుమ్మం పక్కనే..." అంటూ ఎల్మర్ ఆగిపోయాడు. దున్నని ఆ గట్టు మీద ఆయన కాలుపెట్టి ముప్పై ఏళ్లయిందట. ఆయనకి తెలిసి అక్కడ ఇల్లన్నదే లేదట.

"మరి ఆ గుమ్మం ఎక్కడ?" అంది ఉమక్క.

పొద్దు వాలకముందే పారలు పట్టుకుని అందరం గట్టెక్కాం. రెండడుగులు తవ్వేసరికి గుండ్రంగా పేర్చిన రాళ్లు బయటపడ్డాయి. బావి. దాని పక్కన మసిపట్టిన పొయ్యి రాయి.

ఎల్మర్ మట్టిలోనే కూలబడ్డాడు. "నలభై ఏళ్లు తప్పు చెప్పాను."

"మీరు చెప్పబట్టే నేను వెతికాను" అంది ఉమక్క. ఆయన కారులోంచి ఇత్తడి గంట తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు.

జూన్‌లో పండగనాడు నేనూ బండెక్కాను. ఉమక్క గళ్ల నేతచీర కట్టి, మెడలో బస్ డ్రైవర్ ఐడీ కార్డు తీయడం మరచి, గంట కొట్టింది. సంతోషం పట్టలేక నేను ఈల వేశాను. బండి గట్టు దగ్గర ఆగింది. ముందు వరసలో కూర్చున్న ఎల్మర్, బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"టీచర్, మన తొలి ఇళ్లు ఎక్కడ కట్టారు?"

పద్దెనిమిదేళ్లలో ఆమెని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఉమక్క కళ్లు తుడుచుకుంది, గొంతు సవరించుకుంది.

"అందరూ ఎడమవైపు చూడండి" అని మొదలుపెట్టింది.