మైకమ్మ గొంతులో ఆ పుస్తకం

బస్టాండులో ఏళ్ళ తరబడి బస్సుల రాకపోకలు చెప్పిన ఆవిణ్ణి ఊరంతా మైకమ్మ అనే పిలిచేది. కన్నవాళ్ళు పెట్టిన పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆ గొంతంటే జనానికి ఎంత గురి అంటే, బస్సు కళ్ళెదుట నిలబడి ఉన్నా మైకమ్మ చెప్పేదాకా ఎక్కేవారు కాదు. అలా మైకుకు చెవులప్పగించి కూర్చున్న డ్రైవర్లలో ఒకాయన చివరికి ఆవిణ్ణే పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పటికీ ఆయన అన్నానికి కూడా ప్రకటన వస్తే గానీ లేవడు.

రిటైరయ్యాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. బస్టాండులో రికార్డు చేసిన గొంతు పెట్టారు. దానికి దగ్గు రాదు, జలుబు చెయ్యదు, మర్యాదా తెలియదు. మైకమ్మ ఇంట్లో కూర్చుని లోలోపల కుమిలిపోతున్న రోజుల్లో, చూపు పోయిన ఒక ముసలి చరిత్ర టీచరు కబురు పెట్టింది.

"నాకు పుస్తకాలు చదివిపెడతావా అమ్మాయ్?"

అరవై దాటిన తనను అమ్మాయ్ అన్నందుకే మైకమ్మ సగం ఒప్పేసుకుంది. ఆ పిలుపుకు ఈనాటికీ టీచరుకు రుణపడి ఉన్నానంటుంది.

చిక్కల్లా మూడో పుస్తకంతో వచ్చింది. అది ఒకప్పుడు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకుని, వేలమందిని పొట్టన పెట్టుకున్న నియంత తన గురించి తనే రాసుకున్నది.

"ఇలాంటివాడి రాతలు చదవడం దండగ టీచరు గారూ. తరవాత నోరు కడుక్కోవాలి."

"కడుక్కుందువులే, ముందు చదువు. మా నాన్న చీమక్కూడా హాని చెయ్యని మనిషి. అలాంటివాడు వీడి మాటలు నమ్మి, వీడి మనుషులు పక్కింటివాళ్ళని లాక్కుపోతుంటే కిటికీ మూసుకున్నాడు. ఆయన పోయేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. అంత మంచివాడు ఆ మాటలకు ఎలా పడిపోయాడో తెలుసుకోకుండా నేను పోదలచుకోలేదు."

మైకమ్మ చదివింది. ఎలా చదివింది? పళ్ళు నూరుతూ, నాటకంలో దుర్మార్గుడి గొంతు పెట్టి. కొన్నాళ్ళు ఓపిక పట్టి టీచరు విసుక్కుంది.

"ఇలా చదివితే పిల్లికూన కూడా పారిపోతుంది. అప్పుడు జనం పారిపోలేదుగా! నీ బస్టాండు గొంతుతో చదువు."

మైకమ్మకు మనసొప్పలేదు. తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చిన గొంతు అది. అయినా టీచరు మాట కాదనలేక గొంతు సవరించుకుంది.

ఆ సాయంత్రం భర్త కూడా వచ్చి, టీచరు మిక్సీ పాడైందంటే వంటింట్లో విప్పుకు కూర్చున్నాడు. పుస్తకంలో నియంత, బట్టలుతికి పుళ్ళుపడ్డ తన తల్లి చేతుల గురించి, రెక్కలు ముక్కలు చేసుకున్నా కడుపు నిండని బతుకుల గురించి చెప్పుకుపోతున్నాడు. 'మీరు కష్టపడ్డారు. మీ కష్టం ఎవరో దోచుకున్నారు' అని పేజీ ముగిసింది.

"అక్షరాలా నిజం!" అన్నాడు భర్త వంటింట్లోంచి. "ఎవరండీ ఈ పెద్దాయన? మనలాంటివాళ్ళ బాధ తెలిసినవాడు."

మైకమ్మ పుస్తకం మూసెయ్యబోయింది.

"తరవాతి పేజీ," అంది టీచరు.

మైకమ్మ అదే గొంతుతో చదివింది. దోచుకున్నది ఎవరో అక్కడ ఉంది. పక్క వీధిలో వేరే భాష మాట్లాడేవాళ్ళట. వాళ్ళని ఇళ్ళలోంచి ఈడ్చి పారేస్తే గానీ మన కంచాలు నిండవట.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. భర్త స్క్రూడ్రైవరుతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"నేను అవునన్నానే," అన్నాడు భార్యతో. "నీ గొంతు కదా అని అనేశాను. కానీ ఇది తప్పు. నువ్వు చదివినా సరే, తప్పే."

ఇన్నేళ్ళ కాపురంలో తన గొంతుకు ఆయన ఎదురుచెప్పడం అదే మొదలు. మైకమ్మకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేం. దండగన్న పుస్తకాన్ని మూయనివ్వని టీచరుకు మనసులోనే దండం పెట్టుకుంది.

టీచరు కళ్ళు తుడుచుకుంది.

"మా నాన్న కూడా మొదటి పేజీకి అవునన్నాడు. రెండో పేజీకి కాదనే ధైర్యం చాల్లేదు. అంతే. ఇన్నాళ్ళూ ఆయన్ని రాక్షసుడనుకున్నాను. మీరిద్దరూ చేసిన మేలు మర్చిపోను. అలమరలో అడుగున ఆయన ఫోటో ఉంది, నా మంచానికి ఎదురుగా తగిలించిపెట్టు నాయనా."

"మీకు కనపడదు కదండీ," అనేసి భర్త నాలిక్కరుచుకున్నాడు.

"ఆయనకి నేను కనపడతాగా. కిటికీ ఎందుకు మూశావని అడగాలి. ఒక్కసారి కూడా అడగనే లేదు."