ఇరవై ఏడో నంబరు

ప్రయోంగ్ చేతులకు పరిశోధనశాలలో మంచి పేరుంది. వెన్ను దెబ్బతిన్న ఎలుకలు తమంతట తాము మూత్రం పోయలేవు. రోజుకు రెండుసార్లు పొత్తికడుపు మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే చస్తాయి, నొక్కకపోయినా చస్తాయి. ఆ పని ఆమె ఇంట్లో తన తమ్ముడు తవిన్‌కు చేస్తూ నేర్చుకుంది. సొంతూరు పెట్చబురిలో తాటిబెల్లానికి నీరా గీస్తూ చెట్టు మీంచి పడి, అతనికి నడుము కింద చచ్చుబడి ఎనిమిదేళ్లయింది.

డాక్టర్ రవివన్ ఎలుకల తెగిన వెన్నుపాములో పట్టుతో చేసిన చిన్న వంతెన అమర్చి, అందులో మూలకణాలు నాటేది. తీగ పందిరి మీద పాకినట్టు నరాలు దాని మీదుగా పాకాలి. ఇరవై ఏడో నంబరు ఎలుక ఆరో వారంలో వెనక కాలు కదిపింది. తవిన్ దానికి తాటిగాడని పేరు పెట్టాడు.

"అక్కా, ఇవాళ మావాడు ఎన్నడుగులేశాడు?"

"నాలుగు. నీకంటే నయం."

"వాడి తర్వాత నేనే. లైన్లో ఉన్నానని మీ డాక్టరమ్మకి చెప్పు."

ప్రయోంగ్ అడిగింది. "కొత్త గాయాలకైతేనే ప్రయోంగ్. ఇన్నేళ్లకి లోపల మచ్చ గట్టిపడిపోతుంది" అంది డాక్టర్. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. పదో వారంలో, నరాలు ఎంతవరకు పెరిగాయో చూడటానికి ఇరవై ఏడును చంపి వెన్ను కోశారు. అదీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం తాటిగాడు నడుస్తూనే ఉన్నాడు. ఐదడుగులు, ఏడడుగులు.

చనిపోయిన జంతువుల కోసం ఏటా పరిశోధనశాలలో భిక్షువులకు అన్నం పెట్టి, గిన్నెలోకి నీళ్లు వదులుతూ ఆ పుణ్యం వాటికి ధారపోస్తారు. ఆ రోజు చదివే, చనిపోయినవాటి నంబర్ల చీటీ తవినే రాసేవాడు, దస్తూరి బాగుంటుందని. ముందురోజు మధ్యాహ్నం ఆమె చెబుతుంటే రాస్తున్నాడు.

"ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది."

కలం ఆగింది.

"వాడి జట్టంతా పోయి, వాడొక్కడే మిగిలాడా?"

"మిగిలాడు."

"ఇవాళ ఎన్నడుగులు?"

ఆమె చీటీలోని నంబర్లు మళ్లీ లెక్కపెట్టసాగింది. బతికున్నవాళ్లను ఆ చీటీలో రాయకూడదు, ఆయుష్షు తరుగుతుందంటారు. అది తెలిసే తవిన్ ఇరవై ఏడు అని, పక్కనే తాటిగాడని రాశాడు.

"చీటీలో లేకపోతే పుణ్యం అందదు కదే. ఆకలితో తిరుగుతాడు పాపం."

కలం పక్కన పెట్టి, "నా వంతు కూడా లేదు కదూ?" అన్నాడు.

"కొత్త గాయాలకేనట రా."

"తొందరపడి పడ్డానన్నమాట" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే పోయింది.

మర్నాడు చీటీ చదువుతూ డాక్టర్ ఒకచోట ఆగింది. "ఇరవై ఏడు, తాటిగాడు. ఇతనెవరు?"

"మా తమ్ముడి స్నేహితుడండీ" అంది ప్రయోంగ్, గిన్నెలోకి నీళ్లు ధారపోస్తూ.

సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, తమ్ముడి పొత్తికడుపు మీద అరచేయి ఆన్చి మెల్లగా నొక్కింది. అతను గోడవైపు చూస్తూ పడుకున్నాడు. ఎన్నడుగులని అడగలేదు.